1968 ఫియట్ 1100డి, మీటర్ 14,306: రంగు గీకించాలా, అలాగే ఉంచాలా?

మిల్లుగోడౌను
అందరికీ నమస్కారం అండి. తణుకు దగ్గర పాత రైసుమిల్లు గోడౌనులో, గోనెసంచుల వెనక, 1968 ఫియట్ 1100డి కారు ఉంది. 1983 నుంచి కదల్లేదు. మీటర్ 14,306 కిలోమీటర్లు. చక్రాలు నేల తగలకుండా తాటిదుంగల మీద ఎత్తి పెట్టారు. లేత నీలం రంగు, బానెట్ మీద వెలిసింది. డ్రైవర్ తలుపు కింది అంచున అరచేతి వెడల్పు తుప్పు. రెగ్జిన్ చిరగలేదు గానీ వెనక సీటు కింద ఎలుకలు కాపురం పెట్టాయి. హారన్ బటన్ మీద ఎప్పటిదో ఆయుధపూజ కుంకుమ బొట్టు ఇంకా అంటుకునే ఉంది. ఆర్‌సీ తాతగారి పేరు మీద, ఆయన లేరు. మొత్తం రంగు గీకించి కొత్తగా చేయించాలా, లేక అలాగే ఉంచి నడిచేలా చేసుకుంటే చాలా?

రెంచి_17
రంగు సంగతి తర్వాత. ముందు ఎవరూ బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకుండా చూడండి. నలభై ఏళ్లు ఆగిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, అంటుకుని ఉంటాయి. సెల్ఫ్ బలంతో తిప్పితే రింగు విరిగి బోరు గీసుకుపోతుంది.

నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఒక్కో సిలిండర్‌లో 15 మిల్లీలీటర్లు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు) ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి పోయండి. అసిటోను ఎగిరిపోయే సరుకు, బీడీలు కాల్చేవాళ్లను బయటికి పంపండి. నాలుగు రోజులు ఆగి, క్రాంకు పుల్లీ నట్టుకు రెంచి వేసి చేత్తో కొంచెం ముందుకీ వెనక్కీ ఊపండి. తిరగలేదా, మళ్లీ పోసి మళ్లీ ఆగండి. రెంచికి పైపు తగిలించి బలం చూపించొద్దు.

తిరిగాక సంపు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే పళ్లెం, విప్పాలి. ఆయిల్ దించితే చాలదు, అడుగున నల్ల మడ్డి గడ్డకట్టి ఉంటుంది, అదే ఆయిల్ పంపు జల్లెడను మూస్తుంది. కడిగి, కొత్త ప్యాకింగు వేసి, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోయండి. ప్లగ్గులు బిగించకుండానే ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పండి. ఆ తర్వాతే పెట్రోలు మాట.

పాతబంగారం
రెంచి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లూ చెయ్యండి. రంగు మాత్రం ముట్టుకోకండి. 1968లో కుర్లా ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇది. మళ్లీ వేయించుకోవచ్చు, కానీ అది ఆ రంగు కాదు. బానెట్‌ను సన్న రకం పాలిషుతో చేత్తో రుద్దండి, మెషీను పెట్టొద్దు, అంచుల దగ్గర పొర పలచగా ఉంటుంది, క్షణంలో ప్రైమర్ బయటపడుతుంది. తలుపు తుప్పుకి వైరు బ్రష్షు, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు, పైన మైనం. చాలు.

టింకరింగ్_షెడ్డు
చాలదండి. తలుపు కింది అంచున అరచేతంత పైకి కనబడిందంటే లోపల రెండింతలు ఉంటుంది. ఆ తలుపు రెండు రేకులు మడిచి నొక్కిన జోడు. నీరు మడతలో దిగుతుంది, తుప్పు లోపల్నుంచి తింటూ వస్తుంది. పైన మైనం పూస్తే పుండు మీద పౌడరు రాసినట్టే.

పైగా ఫియట్‌కి విడి ఛాసిస్ లేదు. అంబాసిడర్‌లాగే బాడీయే బలం. తలుపుల కింద పొడుగ్గా వెళ్లే పెట్టె రేకులు పోతే బండి నడుం విరిగినట్టు. కింద పడుకుని స్క్రూడ్రైవర్ పిడితో వరసగా తట్టండి. టంగుమంటే రేకు. బొద్దుగా పలికితే లప్పమో తుప్పో. రబ్బరు మ్యాట్లు ఎత్తి ఫ్లోరు, బ్యాటరీ పళ్లెం, డిక్కీలో స్టెపినీ గుంట చూడండి. ఎలుకలున్న చోట తప్పకుండా చూడండి, వాటి ఉచ్చ యాసిడ్ కన్నా తక్కువేం కాదు. గోదావరి డెల్టా గాలిలో, ఊక దుమ్ము పట్టిన రేకును తుప్పు తొందరగా తింటుంది. తుప్పు కోసి, కొత్త రేకు అతికి, రంగు వేయాల్సిందే.

సున్నా_మీటర్
అసలు 14,306 అని ఎవరు నమ్మారు? మీటర్ ఐదంకెలది. 1,14,306 అయినా అదే చూపిస్తుంది.

మిల్లుగోడౌను
బండి తక్కువే తిరిగిందని ఇంట్లో అందరూ అంటారండి.

సున్నా_మీటర్
ఇంట్లోవాళ్లు అంటారు, పెడళ్లు అనవు. క్లచ్ పెడల్ రబ్బరు గీతలు ఎడమ మూల అరిగాయా? తాళం రంధ్రం చుట్టూ నికెల్ పోయి ఇత్తడి కనబడుతోందా? డ్రైవర్ తలుపు ఎత్తి చూస్తే బందులో ఆట ఉందా? ఇంకోటి, ఈ బళ్లలో స్పీడోమీటర్ కేబుల్ తెగడం మామూలే, తెగాక మీటర్ ఆగిపోతుంది, బండి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తక్కువ మీటర్ అంటే తక్కువ తిరిగిందని కాదు, తక్కువ లెక్కపెట్టిందని.

గోదారిగట్టు
ఆ లెక్కన మా ఊళ్లో బళ్లన్నీ కొత్తవే :)

ఓరుగల్లు_బుల్లెట్
అన్నా, సీసం లేని పెట్రోలు పోస్తే వాల్వులు ఆనే సీట్లు అరిగి కిందికి దిగుతయ్ అంటరు, గది సూస్కోండ్రి.

రెంచి_17
సీసం పెట్రోలు 2000లోనే దేశమంతా ఆగింది. అప్పట్నుంచి ఇదే బండి తర్వాతి రూపమైన పద్మినీలు టాక్సీలుగా ఏళ్ల తరబడి తిరిగాయి. ఫియట్ హెడ్డు (సిలిండర్ల పై మూత) అల్యూమినియం, సీట్లు విడిగా ఒత్తి పెట్టిన రింగులు. ఇనుప హెడ్డులోనే చెక్కిన సీటులా తొందరగా దిగవు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ బెంగ అక్కర్లేదు. వాల్వు గ్యాపు తగ్గుతోందా లేదా అని ఫీలర్ గేజీతో అప్పుడప్పుడు చూసుకోండి.

అసలు బెంగ ఇథనాల్. బంకులో వచ్చే ఈ20కి (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి, పంపులో డయాఫ్రం ఉబ్బుతుంది, సోలెక్స్ కార్బురేటర్ లోపల తెల్లటి బూజులాంటి చిలుము కడుతుంది. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయండి, పంపు కిట్టు మార్చండి, బండి నెల పైన ఆగితే ట్యాంకు ఖాళీ చేయండి. ఇప్పుడున్న ట్యాంకు దించి వాసన చూడండి. పాత వార్నిష్ డబ్బా వాసన వస్తుంది. దాన్నలాగే వాడితే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు (జెట్లు) తొందరగా మూసుకుపోతాయి.

అల్యూమినియం హెడ్డు, ఇనుప బ్లాకు, మధ్యలో రేడియేటర్‌లో పోసిన నలభై ఏళ్ల బోరుబావి నీళ్లు. హెడ్డు దించినప్పుడు నీటి దారుల అంచులు చూడండి. చెదలు తిన్నట్టుంటే అల్యూమినియం వెల్డింగు, ఆపైన లేతులో చదును. అది చూడకుండా ప్యాకింగు మార్చినా నిలవదు.

ఆర్‌సీ_పుస్తకం
కాగితాల గురించి ఎవరూ అడగలేదు గానీ రంగు కన్నా ముందు అదే తేలాలి. 2021 జులైలో కేంద్రం వింటేజి బళ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ అయితే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత 5,000. కానీ ఆ కింద నమోదైతే ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలుకీ, రిపేరుకీ మాత్రమే రోడ్డెక్కాలి. రోజూ బజారుకు వెళ్లడానికి కాదు.

రోజూ నడపాలంటే మామూలు రిజిస్ట్రేషనే అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ముందు వారసుల పేరుకి బదిలీ, దానికి ఫారం 31. మిగతా వారసుల అంగీకారం కూడా అడుగుతారు.

గోదారిగట్టు
వింటేజి అంటే నంబరు మార్చి వీఏ ఇస్తారుగా? తాతగారి నంబరు పోతుంది.

ఆర్‌సీ_పుస్తకం
పోదు. ఇప్పటికే నమోదైన బండికి పాత నంబరే ఉంటుంది. వీఏ సిరీసు కొత్తగా నమోదయ్యే వాటికి.

పాతబంగారం
చూశారా, బాడీ షెల్ మార్చకూడదు అని రూలే చెబుతోంది. షెడ్డు గారు కోసి అతకమంటున్నారు.

టింకరింగ్_షెడ్డు
తుప్పు రేకు తీసి అదే కొలతకి రేకు అతకడం రిపేరు. మారుతి ఇంజన్ పెట్టడం మార్పు. ఆ తేడా తెలియకపోతే రూలు చదివి ఏం లాభం?

పాతబంగారం
తేడా నాకు తెలుసు. నా బండి ఒకదాన్ని ఒక షెడ్డులో ఇలాగే "రిపేరు" చేశారు. తలుపు మీద అయస్కాంతం పెడితే జారి కింద పడింది. గీకితే నాలుగు మిల్లీమీటర్ల లప్పం, దాని కింద తుప్పు అలాగే ఉంది. మొత్తం గీకండి అనే సలహా ఎప్పుడూ గీకేవాళ్ల నుంచే వస్తుంది.

టింకరింగ్_షెడ్డు
అలాగేనండి. మరి "ముట్టుకోకండి, ఉన్నదున్నట్టు ఉంచండి" అనే సలహా ఎవరి నుంచి వస్తుంది? కొనేవాళ్ల నుంచి. రంగు వేయని బండి, ఇంజన్ తిరగని బండి, పాపం పల్లెటూరి మిల్లులో. అయినకాడికి ఇచ్చెయ్యండి అని వచ్చే నెల ఫోను. మేం చేసిన పని తప్పయితే రేకు చూపిస్తుంది. మీ సలహా తప్పయితే ఏది చూపిస్తుంది?

పాతబంగారం
నేను కొంటానని ఎక్కడన్నా అన్నానా?

టింకరింగ్_షెడ్డు
నేను చేస్తానని ఎక్కడన్నా అన్నానా?

ఓరుగల్లు_బుల్లెట్
ఇద్దరూ జర సల్లబడుండ్రి. బండి గా పిల్లగానిది.

రెంచి_17
మీరిద్దరూ కొట్టుకుంటున్నది రంగు గురించి కాదు. ఒకరు బండిని అమ్మే వస్తువుగా చూస్తున్నారు, ఇంకొకరు నడిచే వస్తువుగా. మిల్లుగోడౌను గారూ, బండి ఎవరు నడుపుతారు? ఖర్చు ఎవరిది? మొదటి పోస్టులో అది చెప్పలేదు.

మిల్లుగోడౌను
నిజమేనండి, చెప్పి ఉండాల్సింది. బండి మీద ముగ్గురికి హక్కు ఉంది. మా నాన్నగారు, బాబాయ్, అత్తయ్య. గోడౌను సంక్రాంతి తర్వాత అమ్మకం. బాబాయ్ కొత్త రంగు వేయించి అమ్మి మూడు వాటాలు చేద్దామంటారు. అత్తయ్య అమ్మడానికి ఒప్పుకోలేదు, రంగుకి డబ్బు కూడా పెట్టనన్నారు. నాన్నగారు ఏమీ అనలేదు. నడిపేవాళ్లు ప్రస్తుతానికి ఎవరూ లేరు.

టింకరింగ్_షెడ్డు
ఇది ముందే చెబితే నేను రేకు కోయమని అనేవాడినే కాదు కదండీ! ముగ్గురి సంతకం లేని బండి మీద ఎవరి డబ్బుతో రంగు వేస్తారు? రేపు వాటాల దగ్గర ఆ బిల్లే గొడవ. మొత్తం గీకే పని మొదలెడితే మధ్యలో ఆపలేం. విప్పిన బండిని గోనెసంచుల్లో పోసి దాచుకోవాలి. ఇప్పుడు తుప్పు పెరగకుండా ఆపండి, అంతే. తలుపు కింది అంచులో నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, సన్న తీగతో తీయండి. పెట్టె రేకుల్లోకి గొట్టంతో మైనం స్ప్రే కొట్టండి, అది లోపలి నుంచి పట్టుకుంటుంది. ఊక దుమ్ము నీళ్లతో కడక్కండి, వ్యాక్యూమ్ పెట్టండి. హారన్ బటన్ జోలికి ఎవర్నీ రానివ్వకండి.

పాతబంగారం
ఇందులో నాకు అభ్యంతరం లేదు.

టింకరింగ్_షెడ్డు
మీ అనుమతికి థాంక్స్ అండి.

రెంచి_17
బ్రేకులు మాత్రం వాయిదా వేయకండి. గోడౌను ఖాళీ చేయాలంటే బండి కదలాలి, కదిలితే ఆగాలి. పాత బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చి వీల్ సిలిండర్లను లోపల కొరికేస్తుంది. అన్నిటికీ రబ్బరు కిట్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, రబ్బరు హోసులన్నీ కొత్తవి, డాట్ 3 ఆయిల్. బోరులో గుంటలు గోరుకు తగిలితే కిట్టు వేసి లాభం లేదు, ఇత్తడి స్లీవు వేయించాలి. బ్రేకు సర్క్యూటు ఒక్కటే. ఒక చోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. 5.20-14 టైర్లు నిగనిగలాడుతున్నా రోడ్డెక్కించకండి, గోడౌను నుంచి లారీ దాకా తోయడానికి చాలు.

కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీ ప్లస్ వైరుకి మధ్యలో 21 వాట్ల బల్బు పెట్టండి. అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నా బల్బు పూర్తిగా వెలిగితే ఎలుక ఎక్కడో వైరు కొరికినట్టే. బల్బు పోతే పది రూపాయలు, వైరింగు అంటుకుంటే గోడౌను.

మిల్లుగోడౌను
అందరికీ కృతజ్ఞతలు. రంగు మందం కొలిచే గేజీ అద్దెకి దొరికింది. పైకప్పు 95 మైక్రాన్లు, బానెట్ 110, తలుపులు 100 నుంచి 120. ఎడమ ముందు మడ్‌గార్డు 340. ప్లగ్గులు విప్పి మందు పోశాం, శనివారం తిప్పి చూస్తాం.

పాతబంగారం
ఎడమ మడ్‌గార్డుకి ఎప్పుడో మళ్లీ రంగు వేయించారు. మిగతాదంతా ఫ్యాక్టరీ రంగే. నా మాట నిలబడింది.

టింకరింగ్_షెడ్డు
340 అంటే లప్పం కూడా లేదు, రెండోసారి రంగు మాత్రమే. ఎవరో బాగా చేశారు. అదీ షెడ్డులోనే చేశారు.

సున్నా_మీటర్
మడ్‌గార్డు గుద్దుకునేంత తిరిగిన బండి 14,306 అంటారా? శనివారం వెనక బ్రేకు డ్రమ్ములు విప్పండి. లైనర్ రాసుకునే చోట అంచు దగ్గర గట్టు గోరుకు ఎంత తగులుతుందో రాయండి. ప్లగ్గు రంధ్రంలోంచి కెమెరా దింపి బోరులో హోనింగు గీతలు (ఫ్యాక్టరీలో గోడ మీద గీసిన సన్న అడ్డగీతలు, తిరిగేకొద్దీ అరుగుతాయి) ఉన్నాయో లేదో ఫొటో పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

మిల్లుగోడౌను
క్లచ్ పెడల్ రబ్బరు ఎడమ మూల అరిగి ఉందండి. చెప్పడం మర్చిపోయాను.

సున్నా_మీటర్
మర్చిపోయారు. సరే.