అరగంట ముందు చెప్పే ఉపగ్రహం మనకు అవసరమా?

గోదారోడు:
2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి గమనించే మన ఆదిత్య-ఎల్1 ఎగిరితే నేనూ సంబరపడ్డాను. కానీ ఒక డౌటు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, సూర్యుడి వైపు ఎల్1 అనే అదే చోట, అమెరికావాళ్ల ఏస్, డిస్కవర్ ఉపగ్రహాలు ఎప్పట్నుంచో సౌరగాలిని, అంటే సూర్యుడి నుంచి వీచే విద్యుత్ కణాల ప్రవాహాన్ని, కొలుస్తూ వచ్చాయి, డేటా ఊరికే ఇస్తున్నారు. మనం సుమారు 400 కోట్లు పెట్టి మళ్లీ అక్కడికే ఎందుకు? పైగా సూర్యుడి మీద పేలుడు జరిగి దూసుకొచ్చే సౌర తుపాను అక్కడ తగిలాక భూమిని చేరడానికి అరగంటో గంటో పడుతుందట. ఆ కాస్త టైములో ఏం చేస్తాం?

సబ్‌స్టేషన్ బాబాయ్:
చాలా చెయ్యొచ్చు తమ్ముడూ. 1989 మార్చి 13న సౌర తుపాను దెబ్బకి కెనడాలో క్విబెక్ గ్రిడ్ ఒకటిన్నర నిమిషంలో కుప్పకూలింది, 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. అరగంట ముందే తెలిస్తే లోడు సర్దుకోవచ్చు, మెయింటెనెన్సు పనులు ఆపించొచ్చు.

గోదారోడు:
క్విబెక్ ధ్రువానికి దగ్గర కదా బాబాయ్. మన గ్రిడ్‌కి అంత ముప్పు ఉండదు.

చుక్కలరాయుడు:
గ్రిడ్ వరకూ నీ మాట నిజమే. కానీ జీపీఎస్, దానిలాంటి మన నావిక్ సిగ్నళ్లు అయనావరణం (పై వాతావరణంలో విద్యుత్ కణాలుండే పొర) దాటే రావాలి, అది ఎక్కువగా అల్లరి పెట్టేది మనలాంటి భూమధ్యరేఖ దగ్గరి ప్రాంతాల్లోనే. ఇక ఉపగ్రహాలంటావా, 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు తుపానుకే పై వాతావరణం వేడెక్కి ఉబ్బి, కొత్తగా వదిలిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలలో 40 దాకా కిందికి లాగేసింది. ఊరికే వచ్చే డేటా అన్నావు, డిస్కవర్ 2019 జూన్ నుంచి 2020 మార్చి దాకా మూలనపడింది, అప్పుడు ఆదుకున్నది 1997లో ఎగిరిన ముసలి ఏస్! ఇంకో మాట, అరగంట అన్నది సౌరగాలిని కొలిచే పరికరాల సంగతి. ఆదిత్యలోని వెల్క్ అనే పరికరం సూర్యుడి కరోనానే, అంటే బయటి వాతావరణాన్నే, చూస్తుంది, అక్కడ పేలుడు బయల్దేరగానే కనిపిస్తే ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. అయితే దాని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా లేదా అన్నది ఎల్1 దాకా వస్తేగానీ గట్టిగా తెలీదు, దెబ్బ ఎంతన్నది తేలేది దానిమీదే. అందుకే రెండూ కావాలి.

గోదారోడు:
సరే, కానీ ఆదిత్య ప్రధానంగా పరిశోధన కోసం పంపింది. హెచ్చరికలకైతే డేటా 24 గంటలూ ఆగకుండా దిగాలి. అమెరికా 2025 సెప్టెంబర్‌లో అందుకోసమే వేరే ఉపగ్రహం పంపింది. మనమూ అలాంటిది పంపుతామంటే నేను అడ్డు చెప్పను.

సబ్‌స్టేషన్ బాబాయ్:
మరి ఇందాకంతా ఖర్చు దండగ అన్నావు, ఇప్పుడు ఇంకోటి కావాలంటున్నావు!