వరిగడ్డి నుండి ఇథనాల్: గ్రామ స్థాయిలో సాధ్యమేనా?

ప్రశ్న (గుణుపురం నుండి)

మా వంశధార తీర గ్రామాల్లో కోత యంత్రాలు వచ్చాక పశువులకు పోను మిగిలిన గడ్డి పొలంలోనే చెల్లాచెదురుగా ఉండిపోతోంది. దాని నుండి ఇథనాల్ (ఆల్కహాల్) తీసే చిన్న యూనిట్ పెడదామని మా రైతు సంఘంలో కొందరు పట్టుబడుతున్నారు. ఇప్పసారా కాయడం తెలిసిన ప్రాంతంలో ఇదేమంత కష్టమన్నది వారి వాదన. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (రాయగడ నుండి)

ఇప్పపువ్వులో చక్కెర సిద్ధంగా ఉంటుంది కనుక ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) దానిని నేరుగా అందుకుంటుంది. గడ్డిలోని చక్కెర సెల్యులోజ్, హెమిసెల్యులోజ్ అనే పొడవాటి గొలుసులలో బిగుసుకొని ఉంటుంది. వాటిని లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థం గట్టిగా అల్లుకొని ఉంటుంది. ఆ అల్లికను వదులు చేయడానికి గడ్డిని పలుచని ఆమ్లంతో సుమారు 160 నుండి 190 డిగ్రీల వేడిలో, ఒత్తిడి తట్టుకునే పాత్రలో ఉడికించవలసి వస్తుంది. వేడి మితిమీరితే ఫర్‌ఫ్యూరల్ వంటి పదార్థాలు పుట్టి ఈస్ట్‌ను దెబ్బతీస్తాయి. ఆపైన 50 డిగ్రీల దగ్గర ఎంజైమ్‌లతో గొలుసులను తెంపాలి. ఆ ఎంజైమ్‌ల ఖర్చే ఈ పరిశ్రమకు పెద్ద భారం. ఇంత చేసినా, హెమిసెల్యులోజ్ నుండి వచ్చే చక్కెర అయిన జైలోజ్‌ను మామూలు ఈస్ట్ పులియబెట్టలేదు.

2022 ఆగస్టులో ప్రారంభమైన, వరిగడ్డి నుండి ఇథనాల్ తీసే హర్యానాలోని పానిపట్ కర్మాగారానికి ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ లక్ష్యంగా పెట్టారు. అంటే టన్నుకు 150 లీటర్లు. అంత గడ్డిని సేకరించి, కట్టలు కట్టి, తడవకుండా నిల్వ చేయడం ఒక సంఘం వల్ల అయ్యే పని కాదు. పోనీ కాగితం మిల్లు పద్ధతిలో క్షారంతో ఉడికిద్దామంటే, గడ్డిలోని సిలికా (ఇసుకలోని పదార్థం) ఉడికించాక మిగిలే నల్లద్రావణంలో కరిగి, రసాయనాలను తిరిగి రాబట్టే యంత్రాలలో గారలా పేరుకుంటుంది.

జవాబు (పర్లాకిమిడి నుండి)

పై మిత్రుని మాట నిజమే. మీ స్థాయికి బయోగ్యాస్ తగినది. అయితే గడ్డిలో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ; రెండింటి నిష్పత్తి 60కి పైనే ఉంటుంది. గ్యాస్ పుట్టించే బ్యాక్టీరియాకు 20 నుండి 30 మధ్య ఉంటే చాలు. అందుచేత పేడతో పాటు కోళ్ల పెంట కూడా కొద్దికొద్దిగా కలపాలి. పెంట ఎక్కువైతే అమ్మోనియా పెరిగి గ్యాస్ తగ్గిపోతుంది.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలండీ. మా ఊరి పాత గోబర్ గ్యాస్ తొట్టిలో గడ్డి వేస్తే పైకి తేలి అట్టలా కట్టింది. దానికేమిటి ఉపాయం?

జవాబు (పర్లాకిమిడి నుండి)

గడ్డి కాడ లోపల బోలుగా ఉండి గాలి నిండి ఉంటుంది కాబట్టి తేలుతుంది. గడ్డిని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా నరికి, తొట్టి నుండి వచ్చిన స్లర్రీలోనే కొన్ని రోజులు నానబెట్టి వేయండి. రోజూ కలియబెట్టే ఏర్పాటు లేని పాత తొట్టిలో మాత్రం గడ్డిని పేడ కంటే బాగా తక్కువగానే ఉంచండి. అప్పటికే కట్టిన అట్టను తీయడానికి ఎవరూ లోపలికి దిగకూడదు. ఆ గ్యాస్‌లో ఊపిరాడదు, ప్రాణం పోతుంది.