అప్‌డేట్: చేతివాటం అక్కర్లేని పేక మ్యాజిక్, సగం పరువు దక్కింది

పాప పుట్టినరోజుకి చేతివాటం లేకుండా చేసే పేక మ్యాజిక్కులు చెప్పమని పోయిన నెల అడిగాను కదా. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకం చూసి రెండు నేర్చుకుని, నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లోనే చేసేశా.

21 ముక్కలది హాయి. మూడు వరసలు, వరసకి ఏడు. తలుచుకున్న ముక్క ఉన్న వరసని ప్రతిసారీ మధ్యలో పెట్టి మూడుసార్లు పంచితే అది 11వదిగా వస్తుంది. పిల్లలు ఒకటే కేకలు!

తంటా అంతా రెండోదానితోనే, అది గిల్‌బ్రెత్ సూత్రం మీద నడిచే మ్యాజిక్కు, 1958 నాటిది. ఎరుపు, నలుపు ఒకటి విడిచి ఒకటి పేర్చాలి. సగం ముక్కలు ఒక్కొక్కటే కింద పెట్టి, రెండు కట్టల మూలల్ని బొటనవేళ్ళతో వదులుతూ ఒక్కసారి కలపాలి. అప్పుడు పైనుంచి వరసగా తీసే ప్రతి జతలో ఒక ఎరుపు, ఒక నలుపు.

కలపమని మా బాబాయికిచ్చా. ఆయనేమో రమ్మీ మనిషి. మూలలు వదలడం మానేసి, అలవాటుగా కట్టంతా ఒక చేత్తో పట్టుకుని గుప్పెడు గుప్పెడు రెండో చేతిలోకి జారవిడిచి కలిపేశాడు. మొదటి జతే ఇస్పేటు ఏడు, కళావరు జాకీ. "ఏరా, ఇదేనా నీ మ్యాజిక్కు?" అన్నాడు.

మళ్ళీ పేర్చి నేనే కలిపా. ఈసారి 26 జతలూ కుదిరాయి, కానీ అప్పటికే అందరూ కేకు దగ్గరికి వెళ్ళిపోయారు.