తుఫాను పాఠం విన్నప్పటి నుంచి బాబు నిద్రపోవడం లేదు, ఏం చేయాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బాబుకి పదేళ్లు, ఆటిజం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆ రెండూ బాగానే నెట్టుకొస్తున్నాడు, ఇబ్బంది అక్కడ కాదు. పోయిన వారం క్లాసులో 1999 సూపర్ సైక్లోన్ గురించి చెప్పి, దాదాపు 10 వేల మంది చనిపోయారని ఫొటోలు కూడా చూపించారట. అప్పటి నుంచి ఫ్యాను గట్టిగా తిరిగినా చెవులు మూసుకుంటాడు, రాత్రి నాలుగైదు సార్లు లేచి కిటికీ గడియలు చూస్తాడు, "మళ్లీ ఎప్పుడొస్తుంది" అని అడిగిందే అడుగుతాడు. రాదని అబద్ధం చెప్పలేను కదండీ, 2018లో తిత్లీ తుఫానుకి మా వీధిలోనే చెట్లు పడ్డాయి. 2013 ఫైలిన్‌కి లక్షల మందిని ముందే షెల్టర్లకి తరలించారు, అందుకే ప్రాణనష్టం బాగా తగ్గిందని చెప్తే కుదుటపడ్డాడు, అదీ గంటసేపే.

టీచరమ్మని అడిగితే "సిలబస్ అమ్మా, ఒక్కడి కోసం ఆపలేం" అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, పిల్లల అవసరాన్ని బట్టి బడి సర్దుబాటు చేయాలనీ ఉంది, కానీ చట్టం పేరెత్తి గొడవ పెట్టుకోవాలని లేదు.

ఇలాంటి పిల్లలున్నవాళ్లు చెప్పండి, అలాంటి పాఠం రోజు ఇంట్లోనే ఉంచేయాలా, లేక ముందురోజే నేను మెల్లగా చెప్పి పంపాలా? టీచర్‌కి ఏమని రాసిస్తే వింటారు? వచ్చే నెల భూకంపాల పాఠమట, నాకు ఇప్పటి నుంచే టెన్షన్.