చెవిటివాడి ముందు శంఖం: తోక ఎవరికైనా గుర్తుందా?

రాజోలు: శంఖం ఊదితే "దాన్ని కొరకడం నీ తాత తరం కాదు" అన్నాడట అని మా నాయనమ్మ అనేది. "తాత"నా, "తాతల"నా? బధిరురాలైన మా మేనకోడలికి ఈ సామెతను సైగలతో చెప్పబోయి తిట్లు తిన్నాను. సామెతకు కాదు, తెలుగు మాటలను వరుసగా పేర్చి ఒక్కోదానికి ఒక్కో సైగ తగిలించినందుకు! "ఎక్కడికి వెళ్తున్నావు" అనడానికి భారతీయ సంజ్ఞా భాషలో "ఎక్కడ" చివర రావాలట.

పాలకొల్లు మాస్టారు: "తాతల" అనే. అసలు "సైగ" సంగతి చూడండి. సంజ్ఞ నుంచి సన్న వచ్చింది, కనుసన్న సాక్షి. సైగ వేరు. తమిళంలో సైగై ఉంది, అది చేతకు సంబంధించినది. కాబట్టి సైగ అంటేనే చెయ్యి.

నరసాపురం: తమిళ సాక్ష్యంతో తెలుగు పదాన్ని తేల్చేస్తారా మాస్టారూ? మా వీధిలో లేసు అల్లే బధిర పెద్దావిడ సూది వదలకుండా పెదవులతోనే "కాఫీ?" అని అడుగుతారు. శబ్దం ఉండదు. అది సైగ కాదా?

రాజోలు: మా మేనకోడలు దాన్ని కల్తీ అంటుంది.

భీమవరం: అనదా మరి! సైగలు మాని నోటిమాటే నేర్పాలని 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్య సభ తీర్మానించింది. చేతులు కట్టేయించిన భాషంటే అనుమానం ఉంటుంది.

రాజోలు: నిజమే. కానీ ఆత్రేయపురం అనడానికి కుండ మీద రేకు తీస్తున్నట్టు చేతులు కదుపుతూ, పెదవులతో "పూత" అంటుంది. అడిగితే నవ్వి, "ఇది నేను కలుపుకున్నది" అంది.

అమలాపురం: పోతన "సిరికిం జెప్పడు" అన్నాడు. నోటితో సరే, సైగైనా చేయలేదా? శంఖచక్రాలు పట్టలేదు కనుక చేతులు ఖాళీయే కదా!

పాలకొల్లు మాస్టారు: చివరి పాదం మింగేశారు. శ్రీ చేలాంచలం, అంటే లక్ష్మి చీర చెంగు, వీడలేదు. ఒక చెయ్యి ఖాళీ లేదు.

నరసాపురం: నాలుగు చేతులవాడికి ఆ సాకు చెల్లదు మాస్టారూ.

రాజోలు: ఇంతకీ తాతా, తాతలా?

పాలకొల్లు మాస్టారు: చేలాంచలం కుడిచేత పట్టాడా, ఎడమచేత పట్టాడా అన్నది ముందు తేలాలి.