ఒకసారి చేయించిన ఎండోస్కోపీ మళ్లీ ఎందుకు రాశారు?

సీతమ్మధార వాసి:
ఉదయం నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాను, ఎవరూ సూటిగా జవాబు చెప్పడం లేదు. కడుపునొప్పి అంటే నాన్నగారికి స్కానింగ్ తీయించాం. క్లోమంలో తిత్తి ఉందన్నారు. ఎండోస్కోపీ చేయించాం, అంతా బాగుందని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు ఇంకో డాక్టరు గారు సీటీ చూసి మళ్లీ ఎండోస్కోపీ చేయించమంటున్నారు. బాగుందని తేలిన పరీక్ష మళ్లీ ఎందుకు? డబ్బు కోసమేనా? "క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు" అని ఒక్క మాట అని తర్వాతి రోగిని పిలిచారు. అమ్మ అప్పటి నుంచి సరిగా అన్నం తినడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

డాల్ఫిన్ కొండ:
వయసు? తిత్తి ఎంత ఉంది, క్లోమంలో ఎక్కడ ఉంది? క్లోమనాళం ఎన్ని మిల్లీమీటర్లు? చీటీలో ఏ ఎండోస్కోపీ అని రాశారు? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఉక్కునగరం:
ముందు ఒక మాట. రిపోర్టు కాగితం పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరగకండి. సీటీ తీసిన చోట సీడీ అడిగి తీసుకోండి, ఇవ్వాల్సిందే. కాగితం మీద ఉన్నది ఒకరి అభిప్రాయం. ఇలాంటి తిత్తులను ఏళ్ల తరబడి గమనించాలి. పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెట్టి కొలిస్తేనే పెరిగిందో లేదో తెలుస్తుంది. మనవాళ్లు చీరల బిల్లులు దాస్తారు గాని స్కానింగ్ సీడీలు దాచరు. ఇకపై ఎంఆర్‌ఐ తీయించినా వీలైనంత వరకు ఒకే చోట తీయించండి.

సీతమ్మధార వాసి:
సీడీ సంగతి తర్వాత చూస్తానండి. చీటీలో ఈయూఎస్ అని ఉంది, పక్కన ఎఫ్‌ఎన్‌ఏ అని రాసి ప్రశ్నార్థకం పెట్టారు. కౌంటరులో అడిగితే "అదీ ఎండోస్కోపీయే" అన్నారు.

డాల్ఫిన్ కొండ:
పేరు ఒకటే, పరీక్షలు వేరు. ఈయూఎస్ అంటే ఎండోస్కోపీ గొట్టంతో లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్, ఎఫ్‌ఎన్‌ఏ అంటే సూది గుచ్చి ద్రవం తీయడం. మొదటి దానిలో క్లోమం కనిపించదు.

పెదవాల్తేరు:
నేను ఎండోస్కోపీ విభాగంలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కౌంటరులో ఆ ఒక్క ముక్క విడమరచి చెప్పకపోవడం వల్ల ఎన్ని కుటుంబాలు ఇలా కలత చెందాయో చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మామూలు ఎండోస్కోపీలో కెమెరా ఆహారనాళం, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం లోపలి గోడను చూస్తుంది. క్లోమం ఆ గోడకు అవతల ఉంటుంది. మీ నాన్నగారి జీర్ణాశయం బాగుందన్న మాట నిజమే, కాని తిత్తి గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పలేదు. ఈయూఎస్‌లో గొట్టం చివర చిన్న అల్ట్రాసౌండ్ పరికరం ఉంటుంది. జీర్ణాశయంలో ఉంచితే క్లోమం నడుమ భాగం, తోక కనిపిస్తాయి. చిన్నపేగు మొదట్లోకి దించితే తల భాగం కనిపిస్తుంది. పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్‌కు పేగుల్లోని గాలి అడ్డొస్తుంది. ఇక్కడ క్లోమానికి ఆనుకుని చూస్తారు కాబట్టి చాలా చిన్న మార్పులు కూడా తెలుస్తాయి.

ముఖ్యంగా వెతికేది తిత్తి లోపలి గోడకు బుడిపె లేచిందా అన్నది. రక్తప్రసారం ఉన్న బుడిపె 5 మిల్లీమీటర్లకు చేరినా, ప్రధాన నాళం 10 మిల్లీమీటర్లకు చేరినా, క్లోమం తలలోని తిత్తి వల్ల కామెర్లు వచ్చినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నాళం 5 నుంచి 9 మిల్లీమీటర్ల మధ్య ఉండటం, తిత్తి 3 సెంటీమీటర్లకు చేరడం, త్వరగా పెరగడం, కొత్తగా షుగరు రావడం లాంటివి ఉంటే ఈయూఎస్ చేసి నిశితంగా చూడాలంటారు. ఇలాంటి తిత్తుల మీద 2024లో వచ్చిన అంతర్జాతీయ క్యోటో మార్గదర్శకాల్లో ఈ లెక్కలే ఉన్నాయి.

భీమిలి బీచ్:
ఇంత తతంగం ఎందుకు? మా ఆవిడకు తోకలో తిత్తి ఉంటే తోక, ప్లీహం కలిపి తీసేశారు. ఇప్పుడు హాయిగా ఉంది. తీయించేయండి, మనశ్శాంతి.

డాల్ఫిన్ కొండ:
ఆవిడది ఎంసీఎన్ (నాళంతో కలవని జిగురు తిత్తి) అయి ఉంటుంది. అది దాదాపు ఆడవారికే వస్తుంది, తోక వైపే ఎక్కువ. మగవారిలో ఐపీఎంఎన్‌ను (క్లోమనాళంలో గాని దాని కొమ్మల్లో గాని పుట్టే జిగురు తిత్తిని) ముందు అనుమానిస్తారు. అది క్లోమం తలలో ఉంటే చేయాల్సింది విప్పల్ ఆపరేషన్, అంటే క్లోమం తలతో పాటు చిన్నపేగు మొదటి భాగాన్నీ తీసేసే పెద్ద ఆపరేషన్. దానికీ దీనికీ పోలికే లేదు.

భీమిలి బీచ్:
పేర్లు ఏవైతేనేమి, రెండూ క్యాన్సర్‌గా మారేవే కదా?

పెదవాల్తేరు:
మారవచ్చు, మారకపోవచ్చు. నాళం పక్క కొమ్మల్లో వచ్చే ఐపీఎంఎన్‌లను చాలావరకు గమనిస్తూ ఉంటే సరిపోతుంది. ప్రధాన నాళంలో వచ్చేవాటికి ప్రమాదం ఎక్కువ. అందుకే పేరు ముఖ్యం.

కంచరపాలెం:
సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా? దానికన్నా ఈఆర్‌సీపీ మేలేమో?

పెదవాల్తేరు:
ఈఆర్‌సీపీలో నాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, దాని వల్ల క్లోమం వాచే ప్రమాదం ఉంది. 1982లో జపాన్‌లో ఒహాషి బృందం ఐపీఎంఎన్ జబ్బును గుర్తించినప్పుడు నాళం ద్వారం వెడల్పై జిగురు కారడం ఎండోస్కోపీలోనే కనిపించింది. ఇప్పుడు కేవలం నిర్ధారణకైతే ఎంఆర్‌సీపీ (నాళాలను చూపే ఎంఆర్‌ఐ), ఈయూఎస్ ఉన్నాయి.

సూది అందరికీ వేయరు, ఆ ప్రశ్నార్థకం అందుకే. చూశాక అవసరమైతేనే ద్రవం తీస్తారు. అందులో సీఈఏ అనే ప్రొటీన్ మిల్లీలీటరుకు 192 నానోగ్రాములు దాటినా, గ్లూకోజు డెసిలీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉన్నా జిగురు తయారుచేసే తిత్తి అని అనుమానిస్తారు. సీఈఏ ఎక్కువ వస్తే హడలిపోకండి. అది తిత్తి రకాన్ని సూచిస్తుందే తప్ప క్యాన్సర్ ఉందని చెప్పదు. సూది వల్ల క్లోమం వాపు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ అరుదుగా వస్తాయి. జబ్బు పాకడం మరీ అరుదు.

సీతమ్మధార వాసి:
ఇప్పుడు సీటీ రిపోర్టు తీసి చూశాను. తలలోనే, 2.4 సెంటీమీటర్లు. నాళం 6 మిల్లీమీటర్లు. నాన్నగారికి 67. కామెర్లు లేవు. షుగరు ఈ మధ్యే బయటపడింది. గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలుచబడే మాత్ర వాడుతున్నారు.

డాల్ఫిన్ కొండ:
నాళం 6, కొత్త షుగరు. ఈయూఎస్ చేయించండి. డబ్బు కోసం రాసింది కాదు.

పెదవాల్తేరు:
స్టెంట్ సంగతి ఆ డాక్టరు గారికి తెలుసా? ఆ మాత్ర క్లోపిడోగ్రెల్ అయితే సూదికి కొన్ని రోజుల ముందు ఆపాల్సి రావచ్చు. గుండె డాక్టరు గారు ఒప్పుకుంటేనే ఆపాలి, మీ అంతట మీరు ఆపకండి. పరగడుపున ఉండాలి కాబట్టి ఆ ఉదయం షుగరు మాత్ర వేయాలా వద్దా అని కూడా అడగండి. హైదరాబాద్ పరుగెత్తే ముందు మన విశాఖలోనే ఆరిలోవ వైపు పెద్ద ఆసుపత్రుల్లో విచారించండి. "ఎండోస్కోపీ ఉందా" అంటే అందరూ ఉందంటారు, "క్లోమానికి ఈయూఎస్ చేస్తారా, సూదితో ద్రవం తీస్తారా" అని అడగండి.

కంచరపాలెం:
తిత్తిలోకి ఆల్కహాల్ ఎక్కించి మాడ్చేస్తారని విన్నాను.

డాల్ఫిన్ కొండ:
కొన్ని కేంద్రాల్లో చేస్తున్నారు. అందరికీ చేసే చికిత్స కాదు.

సీతమ్మధార వాసి:
వచ్చే వారానికి సమయం ఇచ్చారు. మాత్ర గురించి గుండె డాక్టరు గారిని రేపు కలుస్తాం. అందరికీ ధన్యవాదాలు.

ఎంవీపీ కాలనీ:
మా అత్తగారికి 1.2 సెంటీమీటర్ల తిత్తి ఉంది. ఎంఆర్‌ఐ తీయిస్తూ ఉండమన్నారు. ఎంతకాలం తీయించాలి?

డాల్ఫిన్ కొండ:
వేరే చర్చగా పెట్టండి. వయసు, నాళం కొలత రాయండి.