గుర్తింపు పరేడ్ పెట్టకుండా కోర్టులో గుర్తుపడితే, అప్పీలులో నిలుస్తుందా?

హన్మకొండ_జూనియర్:
కేసు వివరాలు కొంచెం మార్చి రాస్తున్నా. కాజీపేటలో రాత్రి ఎనిమిదింటికి బండి మీద వచ్చిన ఇద్దరు ఒకామె పుస్తెలతాడు తెంపుకుపోయారు. మెడ గీరుకుపోయింది, అందుకే 392 (పాత ఐపీసీలో దోపిడీ సెక్షన్) పెట్టారు. వెనక కూర్చున్నవాణ్ణి ఏడాదిన్నర తర్వాత కోర్టులో చూపించి వీడే అంది. గుర్తింపు పరేడ్ (నిందితుణ్ణి పోలికలున్న వేరేవాళ్ల మధ్య నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనడం) జరగలేదు. శిక్ష పడింది. వాడి తరఫున సెషన్స్ కోర్టులో అప్పీలు నేనే రాయాలి. ఈ ఒక్క పాయింటు చాలని నేను, చాలదని మా సీనియర్.

పాత_నల్లకోటు:
సీనియర్ చెప్పిందే కరెక్ట్ తమ్మీ. పరేడ్ పెట్టనంత మాత్రాన కోర్టులో గుర్తుపట్టడం చెల్లకుండా పోదని 1958లోనే కాంతా ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో మల్ఖాన్‌సింగ్ కేసుదీ అదే దారి. అసలు సాక్ష్యం కోర్టులో చెప్పిందే, పరేడ్ దానికి ఊతం. చెల్లదని కొట్లాడకు, దానికి ఎంత బరువివ్వాలో వాదించు.

ఓరుగల్లు_పిల్ల:
మల్ఖాన్‌సింగ్ ఇక్కడ ఎట్లా సరిపోతుంది సార్? అక్కడ బాధితురాలికి వాళ్ల ముఖాలు చూసే అవకాశం బాగా దొరికింది. తాడు తెంపడం రెండు సెకన్ల పని, అదీ చీకట్లో. పైగా బోనులో నిలబడ్డది వాడొక్కడే. ఆమె వేలు ఇంకెటు చూపిస్తుంది?

రిటైర్డ్_హెడ్డు:
మా కష్టం కూడా వినండమ్మా. ముసుగేసి రిమాండ్‌కు తీసుకుపోవాలె, మెజిస్ట్రేటు జైలుకు రావాలె, పోలికలున్న మనుషులను పక్కన నిలబెట్టాలె. ఇవన్నీ కుదిరేసరికి మనిషి ముఖం మర్చిపోతుంది. ఇంతకీ తాడు దొరికిందా? వాడి దగ్గరే దొరికితే, గుర్తుపట్టింది పోయినా కేసు నిలవొచ్చు.

హన్మకొండ_జూనియర్:
దొరికింది, కానీ రెండో నిందితుడి ఇంట్లో. ఇంకోటి, స్టేషన్లో ఫోన్లో మావాడి ఫొటో చూపించారని ఆమె క్రాస్‌లో (మా వైపు వకీలు ప్రశ్నలడిగినప్పుడు) ఒప్పుకుంది.

పాత_నల్లకోటు:
అరె, అది ముందు చెప్పాలి కదా! అప్పీలుకు మొదటి గ్రౌండ్ (కారణం) అదే. ఆమె గుర్తుపట్టింది దొంగనా, ఫొటోనా? పరేడ్ లేదన్నది కిందకు తోసెయ్. ఫిర్యాదులో ఆనవాళ్లు ఏమైనా రాయించిందేమో చూడు. ఆమె అబద్ధమాడిందని మాత్రం రాయకు. తాడు పోయినామె మీద జడ్జికి జాలి ఉంటుంది. పొరపాటు పడిందని రాయి. వీధిలైటు సంగతి పోలీసులు గీసిన ఘటనాస్థలం రఫ్ స్కెచ్‌లో ఉందా?

ఓరుగల్లు_పిల్ల:
ఫొటో సంగతి క్రాస్‌లో అడగకపోయుంటే? వకీలు మర్చిపోయినందుకు మనిషి జైల్లో ఉండాలా?

పాత_నల్లకోటు:
కింది కోర్టులో అడగనిది పైకోర్టు రికార్డులో ఎక్కడ వెతుకుతుందమ్మా? బాధే, కానీ అప్పీలంటే కాగితాల మీద నడిచే పని.

హన్మకొండ_జూనియర్:
స్కెచ్ ఇప్పుడే చూశా సార్. లైటు స్తంభమే గీయలేదు.

రిటైర్డ్_హెడ్డు:
గీయకపోతే లైటు లేనట్టేనా? నేను గీసిన స్కెచ్‌లలో ఎన్ని చెట్లు మర్చిపోయానో!